చెవి దిండ్ల మీద తగువు

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటయ్యే సరికి ఆమె మూడు స్కూటరు సీట్లకు కవర్లు తొడిగింది. నాలుగోది వ్యాను డ్రైవరు సీటు. పాత రెక్సిన్ ఊడదీస్తే లోపలి స్పాంజిలో మనిషి కూర్చున్న గుంట బయటపడింది. ఒక పక్క లోతుగా, ఒక పక్క మెరకగా ఉంది. ఇతను వెనక జేబులో లావుపాటి పర్సు పెట్టుకుని బండి నడుపుతాడు అనుకుంది. ముప్పై ఏళ్లుగా మనుషుల్ని ఆమె ఇలాగే ఎరుగును. ముఖాలు గుర్తుండవు, గుంటలు గుర్తుంటాయి.

కుట్టుపనుల్లో సీటు కవరంత దిక్కులేనిది ఇంకోటి లేదు. చొక్కా కుడితే తొడుక్కుని అద్దంలో చూసుకుంటారు. కిటికీ తెర కుడితే వచ్చిన చుట్టం బాగుందంటాడు. సీటు కవరు మీద మాత్రం కూర్చుంటారు. బాగున్నంత కాలం దాని ఊసెత్తరు. బాగోకపోతే వారం తిరక్కుండా షాపు ముందు బండి ఆపి, “నడుం పట్టేస్తోందమ్మా, ఏం కుట్టావు?” అని నిలదీస్తారు.

అలాంటి పని చేసే మనిషికి యాభై రెండో ఏట, తన కుట్టు కోసం జనం పోట్లాడుకోవడం చూసే యోగం పట్టింది.

షాపు ఆమె అన్నది. అన్న పోయాక వదిన నడుపుతోంది. ముందు బల్ల దగ్గర వదిన, వెనక మిషను మీద ఆమె, మధ్యలో నిలబెట్టిన రెక్సిన్ చుట్టలు. పైకప్పులో ఒక రేకు అద్దం లాంటిది. దాని గుండా దిగే వెలుగులో స్పాంజి పొడి నీళ్లలో మునిగినట్టు మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఎండ వేళ షట్టరు దించేసి మూడున్నర దాకా ఎవరింటికి వాళ్లు పోతారు. ఆమె ఇల్లు రెండు వీధుల వెనక. ఆ పాటికి భర్త కూడా వచ్చి ఉంటాడు. నీళ్ల పంపుల దగ్గర ఆపరేటరు ఆయన. తెల్లవారుజామున వెళ్లి మధ్యాహ్నానికి వస్తాడు. వచ్చి, భోంచేసి, కిటికీ తెరలు వేసి, గేమ్ ఆడుకుంటాడు.

యాభై ఆరేళ్ల మనిషికి గేమ్ ఏమిటని వదిన మొదట్లో నవ్వేది. “అన్నయ్య గారికి బొమ్మలు కూడా కొనిపెట్టు” అనేది. ఆమె పట్టించుకోలేదు. పొద్దస్తమానం మోటార్ల హోరులో కూర్చునే మనిషి, ఇంటికొచ్చి మంచు కురిసే ఊళ్లో నడుస్తానంటే తప్పేముంది? ఆ గేమ్‌లో ఒక పాడుబడ్డ ఊరు, చుట్టూ కొండలు. శత్రువులూ ఉన్నారట గానీ, ఎక్కువసేపు నడకే. ఆయన నడుస్తూ ఉంటే ఆమె పక్కన చాప మీద నడుం వాల్చేది.

గొడవ మొదలైంది తలగడ మీద. కాకి వచ్చి విదిలించుకుని పోయినట్టు దాని మీద నల్లటి పొట్టు రాలి ఉంది.

“ఏవండీ, మీ చెవుల వెనక కూడా ఉంది ఇదే. తోలూడుతోందా ఏంటి?”

“నాది కాదు, దీనిది” అని ఆయన హెడ్‌ఫోన్ చూపించాడు. చెవుల చుట్టూ ఉండే మెత్తటి దిండ్లు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతున్నాయి. “కంపెనీవాళ్లు దిండ్లు మాత్రం అమ్మరట. కొత్తది కొనుక్కోమంటున్నారు.”

“సీటు చిరిగితే బండి మారుస్తారా ఎవరైనా? ఇలా ఇవ్వండి.”

ఎడమ దిండు పట్టుకోగానే పిండి పిండి అయింది. కుడిది నయం. దాన్ని జాగ్రత్తగా విప్పి అట్ట మీద పరిచి గీసుకుంది. చెవి వెనక మందంగా, ముందు వైపు పల్చగా ఉండేలా స్పాంజిని ఏటవాలుగా కోసింది. బస్సు సీట్లకు వేయగా మిగిలిన మెత్తటి బట్ట పైన తొడిగింది. దిండు కింది భాగంలో ఉండే చిన్న కొక్కేన్ని పాతవాటి నుంచి తీసి కొత్తవాటికి కుట్టింది. ఇంత చిన్న సీటు ఆమె ఎప్పుడూ చేయలేదు. అరగంట పని.

ఆయన పెట్టుకుని, గేమ్‌లో నాలుగడుగులు నడిచి ఆగాడు.

“గుచ్చుకుంటోందా?”

“లేదు. ఊరు పెద్దదైంది.”

“ఏ ఊరు?”

ఆయన తెర వైపు గడ్డం చూపించాడు. “ఎడమ పక్క ఇంకా ఉంది. ఇదివరకు గోడ దగ్గర ఆగిపోయేది.”

ఆమె తీసుకుని పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. మంచు మీద అడుగులు కరకరమంటున్నాయి. కుడి వైపు గాలి చెవికి ఆనుకునే ఉంది. ఎడమ వైపు మాత్రం గాలి ఎక్కడికో పోతోంది. కొండల మధ్య ఖాళీలోకి, అక్కడి నుంచి ఇంకో ఖాళీలోకి. ఆ చివర ఎవరో నిలబడి ఉన్నారనిపించింది. పిలవరు, కదలరు, ఉన్నారంతే. ఆమెకు తెలియకుండానే ఆ రోజు మూడున్నర దాటిపోయింది. షాపుకి వెళ్లేసరికి వదిన షట్టరు తీసి ఎదురుచూస్తోంది.

“నిద్రపోయావా మరదలా?”

“లేదు వదినా. నడిచొచ్చా.”

భర్త ఆ దిండ్ల ఫొటో తీసి ‘కొన్నాక కబుర్లు’ అనే గ్రూపులో పెట్టాడు. అది కొన్న వస్తువుల గురించి కొన్నవాళ్లు కొట్టుకునే చోటు. ఫోను రాత్రంతా చార్జింగులో ఉంచితే బ్యాటరీ చస్తుందా చావదా అన్నదాని మీద అక్కడ నాలుగేళ్లుగా తగువు నడుస్తోంది. బట్టల మిషనుకి మూత పైన ఉండాలా ముందు ఉండాలా అన్నదాని మీద ఇద్దరు తోడల్లుళ్లకి మాటలు పోయాయి. తెర మీద బొమ్మ సెకనుకి అరవైసార్లు మారితే చాలా, నూట ఇరవై కావాలా అని అడిగితే ఇల్లు పీకి పందిరి వేస్తారు. అక్కడ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అననివాడు లేడు. సొంత పేర్లు ఎవరూ వాడరు. ఆమె భర్త పేరు అక్కడ ‘నిద్రగన్నేరు’.

అదే హెడ్‌ఫోన్ ఉండి, అవే పెచ్చులు ఏరుకుంటున్నవాళ్లు అక్కడ చాలామందే తేలారు. మాకూ కుట్టిపెట్టమన్నారు. అలాంటి కొక్కేలే బజార్లో కొని తెచ్చి, ఆమె షాపులో ఖాళీ దొరికినప్పుడల్లా కుట్టింది. నెలన్నరలో పది జతలు పార్సిళ్లలో పోయాయి. మొదటివి చేరిన వారానికల్లా కబుర్లు రావడం మొదలైంది. శత్రువు ఏ వైపు నుంచి వస్తున్నాడో ముందే తెలిసిపోతోందని ఒకరు. పాత పాటలో వెనక ఎవరో దగ్గడం ఇన్నాళ్లకి వినపడిందని ఒకరు. ‘అడుగుల చప్పుడు’ అనే పేరుగల ఒకాయన, “ఎడమ వైపు ఒక కిటికీ తెరుచుకున్నట్టుంది. మధ్యాహ్నం పూట అందులోంచి చూస్తూ పడుకుంటున్నాను” అని రాశాడు. ఆమెకు ‘దిండ్లమ్మ’ అని పేరు కూడా పెట్టేశారు.

ఆమె ఆ మాటలన్నీ చదివేది. మిషను పక్కన ఫోను నిలబెట్టుకుని, బాబిన్‌లో దారం అయిపోయినప్పుడల్లా ఒకటి చదివేది. ఎవరైనా ఆమె కుట్టిన దాని గురించి రెండు వాక్యాలు రాయడం అదే మొదలు. మొదట్లో సిగ్గేసింది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత అది లేకపోతే మధ్యాహ్నానికి ఏదో తక్కువైనట్టు ఉండేది.

అప్పుడు వచ్చాడు కొలబద్ద.

ఆ గ్రూపులో ఆయన ఆరేళ్లుగా ఉన్నాడు. ఎవరు ఏ హెడ్‌ఫోన్ బాగుందన్నా నమ్మడు. చెక్కతో చేసిన ఒక తలకాయ ఉంది ఆయన దగ్గర. దాని చెవుల్లో చిన్న మైకులుంటాయి. హెడ్‌ఫోన్ దానికి తగిలించి, వచ్చిన శబ్దాన్ని గీతలుగా గీసి గ్రూపులో పెడతాడు. కుడి చెవికి ఎర్ర గీత, ఎడమ చెవికి నీలం గీత. పదో జత తెప్పించుకున్నది ఆయనే. కంపెనీ దిండ్లతో రెండు గీతలూ రైలు పట్టాల్లా కలిసి నడిచాయి. ఆమె దిండ్లతో ఎర్ర గీత సరిగ్గానే పోయింది గానీ, నీలం గీత మధ్యలో చెయ్యి వదిలించుకుని పక్కకి పోయింది. కింద ఒక్క ముక్క రాశాడు: “ఎడమ దిండులో లోపం ఉంది.”

గ్రూపు ఆయన మీద పడింది.

“గీతలు చూసి పాట వింటావా అన్నా?”

“చంటిదాన్ని ముద్దు పెట్టుకునే ముందు కూడా కొలుస్తావా?”

“చెక్క తలకాయ ఆయన బల్ల మీద లేదు, మెడ మీద ఉంది.”

అన్నిటికన్నా పెద్ద నోరు నిద్రగన్నేరుదే. రోజుకి పది జవాబులు రాసేవాడు. పంపుల దగ్గర నించి కూడా రాసేవాడు. ఆమె చదివి నవ్వుకునేది. తన అరగంట పని కోసం ముక్కూ ముఖం తెలియని మనుషులు ఇలా చొక్కాలు పట్టుకోవడం, నిజం చెప్పాలంటే, బాగానే ఉంది. ఆ రోజుల్లో ఆమె మిషను తొక్కుతుంటే పాదాల కింద మంచు ఉన్నట్టే ఉండేది.

పది రోజులు గడిచాయి. ఒక గురువారం కొలబద్ద చాలా పొడుగ్గా రాశాడు. “అందరూ బాగుందంటున్నారు. నా గీత మాత్రం బాగోలేదంటోంది. నా మైకే చెడిందేమో. రెండుసార్లు విప్పి చూశాను, తప్పు దొరకలేదు. ఆదివారం లోపు దొరక్కపోతే ఈ ఆరేళ్లలో ఇక్కడ పెట్టిన కొలతలన్నీ తీసేస్తాను. తప్పుడు మైకుతో కొలిచినవి ఉంచడం న్యాయం కాదు.” మాటల కింద ఫొటో. బల్ల మీద ఆమె పంపిన రెండు దిండ్లు, కొక్కేలు కిందికి పెట్టి, పక్కపక్కన.

ఆమె ఆ ఫొటో వైపు చూసింది. బాబిన్ చేతిలోనే ఉండిపోయింది.

ఎడమా కుడీ చెప్పులు పక్కపక్కన పెడితే ఒకదాన్ని చూసి ఒకటి వంగి ఉండాలి. ఈ రెండూ ఒకే వైపు చూస్తున్నాయి. రెండింటికీ మందం ఒకే పక్కన ఉంది. రెండూ కుడి చెవివే.

ఎలా జరిగిందో తెలుసుకోవడానికి ఆమెకు క్షణం పట్టలేదు. జాకెట్లు కుట్టేవాళ్లు బట్టని మధ్యకి మడిచి కోస్తారు. ఒక చెయ్యి ఇటు వస్తే రెండోది దానంతటదే అటు తిరిగి వస్తుంది. సీట్లు కుట్టేవాళ్లు మడవరు. నాలుగు పొరలు ఒకదాని మీద ఒకటి, ముఖం పైకి పెట్టి పేర్చి, ఒకే సుద్ద గీత గీసి ఒకే కోత కోస్తారు. ఈ సీటుకి ఏ కోతో, పక్క సీటుకీ అదే. ముప్పై ఏళ్లలో ఆమె ఏ అట్టనీ తిరగేసిన పాపాన పోలేదు. ఎడమ దిండులో మందం చెవి వెనక ఉండాల్సింది, చెవి ముందుకు వచ్చింది. ఆ కిటికీ, ఆ కొండల మధ్య ఖాళీ, ఆ చివర నిలబడ్డ మనిషి, అంతా ఆ కోతే.

“వదినా, ఇలా చూడు.”

వదిన కళ్లజోడు పైకి నెట్టుకుని చూసింది. ఆమెదీ సీట్లకు అలవాటైన చూపే. “రెండూ ఒకటేగా?”

“అదే మరి.”

“పదకొండు జతలూ?”

“పదకొండూ. మా ఇంట్లోదాంతో కలిపి.”

వదిన ముందు నవ్వింది. నవ్వి, మరదలి ముఖం చూసి ఆపింది. “ఎవరైనా తిరిగొచ్చారా బాగోలేదని?”

“ఒక్కరూ రాలేదు.”

“మరింకేం? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

“ఆయనకి ఉంది కదా వదినా దురద. పాపం, మంచి మైకుని విప్పి చూసుకుంటున్నాడు. నా కత్తెర తప్పుకి.”

వదిన వ్యాను సీటు మీద సుద్ద గీతలు గీస్తూ అంది: “చెప్పావనుకో, నీ గురించి ఇంకెవరూ మాట్లాడరు. అది చూసుకో.”

ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది.

ఇంట్లో భర్త అయితే కంట్రోలరు పక్కన పడేసి లేచి నిలబడ్డాడు. “చెప్తావా? నీ తరఫున పది మంది కొట్టుకుంటున్నారు. నేను పది రోజులుగా ఆ మనిషిని చెవిటివాడని తిడుతున్నాను. ఇప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?”

“అక్కడ మీకు ముఖం ఎక్కడుందండీ? చెట్టు పేరేగా ఉంది.”

“ఎగతాళి చెయ్యకు.”

“పోనీ ఆ చెక్క తలకాయ అడిగి తెచ్చుకోండి.”

ఆయనకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కూర్చుని, మెల్లగా అన్నాడు. “నాకు మాత్రం వినపడుతోంది. అది అబద్ధమంటే ఎలా?”

“అబద్ధం కాదు. తప్పు.”

మర్నాడు భోజనాల వేళ ఆమె అట్టని తిరగేసి ఒక్క ఎడమ దిండు కోసింది. మొదటిసారి తిరగేయడం కదా, చేతికి కొత్తగా ఉంది. సుద్ద రెండుసార్లు తప్పింది. ఇంటికి తెచ్చి హెడ్‌ఫోన్‌కి ఎడమ వైపు మార్చి పెట్టుకుంది. ఆయన గేమ్ ఆడుతున్నాడు. మంచు కరకరలాడింది. కుడి గాలి చెవికి ఆనుకుంది. ఎడమ గాలీ అలాగే ఆనుకుంది. ఊరు చిన్నదేమీ కాలేదు. ఉన్నంత ఉంది. రెండు వైపులా కొండలు సమానంగా లేచాయి. గోడ దగ్గర గోడ ఉంది. ఆ చివర ఎవరూ నిలబడి లేరు. ఆమె పాత దిండు మళ్లీ తగిలించింది. వచ్చారు. మార్చింది. పోయారు. అలా నాలుగుసార్లు చేసింది. కిటికీ తెర అంచున ఎండ గచ్చు మీద నుంచి చాప మీదికి, చాప మీద నుంచి ఆమె పాదాల మీదికి పాకింది. అన్నీ తన చేతి పనే. ఉన్నదీ, లేనిదీ.

శనివారం షాపులో మిషను కట్టేసి ఫోను తీసుకుంది. ఇన్నాళ్లూ భర్తే రాసేవాడు. తనకంటూ పేరు పెట్టుకోమంటే దిండ్లమ్మ అనే పెట్టుకుంది. ఒక్క వేలితో నలభై నిమిషాలు కొట్టింది. సీటు కోసం వచ్చిన స్కూటరు మనిషి బల్ల మీద కూర్చుని రెండు టీలు తాగాడు. వదిన ఆయనకి, “కాస్త ఆగండి, మా మరదలు తగువు తీరుస్తోంది” అని చెప్పింది.

“దిండ్లు కుట్టింది నేనే. కొలబద్ద గారు రాసింది నిజం. ఆయన మైకు బాగానే ఉంది. మాది సీట్ల షాపు. ఒకే అట్టతో అన్నీ కోస్తాం. అలవాటు కొద్దీ రెండూ కుడి చెవికే కోశాను. పదకొండు జతలూ అంతే. ఎవరికి కావాలన్నా సరైన ఎడమ దిండు పంపిస్తాను. ఆయన్ని తిడుతున్నవాళ్లు ఆపండి. మా ఇంట్లోవాళ్లు కూడా.”

పంపేసి, స్కూటరు సీటు తొడగడానికి కూర్చుంది. సాయంత్రం దాకా ఫోను ముట్టుకోలేదు. ముట్టుకున్నాక చూస్తే ఒక్క జవాబు లేదు. రోజుకి వంద మాటలు పడే చోట చీమ చిటుక్కుమనడం లేదు. వదిన చెప్పినట్టే అయిందనుకుంది. అనుకున్నంత బాధ వేయలేదు గానీ, మిషను కింద పాదాలకి మాత్రం ఉత్త గచ్చే తగిలింది.

ఆదివారం పొద్దున్న కొలబద్ద రాశాడు. “నాకొక ఎడమ దిండు పంపండి. కొలుస్తాను.” అంతే. ఆ మాటకి ముందూ వెనకా ఏమీ లేవు. ఆయన పాత కొలతలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

దిండు వెళ్లిన నాలుగు రోజులకి కొత్త గీతలు వచ్చాయి. ఎర్రదీ నీలందీ ఒకదాని మీద ఒకటి పడి ఒకటే గీతలా కనిపిస్తున్నాయి. కింద ఆయన రాసింది ఆమె మూడుసార్లు చదివింది: “కంపెనీ దిండ్లతో సమానం. ఎక్కువా కాదు, తక్కువా కాదు.”

“ఇంతేనా? ఇంత గొడవ చేసి?” అంది వదిన.

“సమానం అన్నాడు వదినా. ముప్పై ఏళ్లలో నా కుట్టుని కొలిచి చెప్పినవాడు ఈయనొక్కడే.”

ఆ గీతలు కనపడేసరికి గ్రూపుకి మళ్లీ ప్రాణం వచ్చింది. తప్పని తెలిశాక కూడా అడుగుల చప్పుడు తన కిటికీ మూయనన్నాడు. తెలిసి తెలిసి తప్పుడు దిండు పెట్టుకునేవాణ్ణి ఏమనాలని ఇంకొకరు. చెవి మనదా, కంపెనీదా అని మరొకరు. నిద్రగన్నేరు రెండు రోజులు నోరు మూసుకుని, మూడో రోజు కొలబద్దకి, “తప్పు నాదే, క్షమించండి. అయినా నేను మార్చను” అని రాశాడు. కొలబద్ద, “మీ ఇష్టం. కొలత మారదు” అన్నాడు. వాళ్లిద్దరి మధ్య అంతకన్నా మర్యాదైన సంభాషణ గ్రూపు ఎన్నడూ ఎరగదు.

పాత పదకొండు మందిలో, కొలబద్దతో కలిపి, నలుగురు ఎడమ దిండు మార్పించుకున్నారు. ఏడుగురు వద్దన్నారు. ఇంట్లోవాళ్లు ఆ ఏడుగురిలోనే ఉన్నారు.

ఆ వారం కొత్తగా తొమ్మిది జతలు అడిగారు. ఆరు సరైనవి కావాలన్నారు. మూడు, రెండూ కుడివే కావాలన్నారు.